చేతులు మారిన రేడియో

"పన్ను పీకాలా, నింపాలా?"

"జ్ఞానదంతం. తెలివి ఎక్కువై సలుపుతోంది."

కోడ్ సరిపోయింది. రిసెప్షన్‌లో ఉన్నావిడ తల ఎత్తకుండానే పెన్సిల్‌తో లోపలి గది చూపించింది. ఏజెంట్ తాబేలు బుగ్గలో కుక్కుకున్న దూది ఉండను నాలికతో సర్దుకుని తలుపు తోశాడు.

తాబేలు అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. నడక నిదానమని కాదు. పరుగులో అతన్ని అందుకునే మొనగాడు సర్వీసులో లేడు. తల ఎప్పుడు బయటపెట్టాలో, ఎప్పుడు డిప్పలోకి లాక్కోవాలో తెలిసినవాడని ఆ పేరు. అతనికి స్నేహితుల్లేరు. ఇరుగుపొరుగుతో పలకరింపుల్లేవు. పాలు పోసే మనిషి మొహం గుర్తుపెట్టుకుంటాడని డబ్బా పాలతో కాఫీ కలుపుకునే రకం.

లోపల తెల్లకోటులో చీఫ్ ఉన్నాడు. డెంటల్ క్లినిక్ ఆయన కవర్. ఆయన నిజంగానే ఆ చదువు సగం చదివాడు కాబట్టి నిజం పేషెంట్లు కూడా వస్తుంటారు. వాళ్ళ ఖర్మ. గోడమీద పళ్ళ బొమ్మల చార్టు పక్కన ఆయనకి ఇష్టమైన సామెత ఫ్రేము కట్టి ఉంది: పెదవి దాటితే పృథివి దాటుతుంది.

కుర్చీలో అప్పటికే ఒకావిడ వెనక్కి వాలి కూర్చుంది. ఆకుపచ్చ పట్టు దుస్తులు, నల్లకళ్ళద్దాలు, గది మొత్తాన్ని ఆక్రమించిన సెంటు వాసన.

"నెమలి," అన్నాడు చీఫ్. "గొడుగు ముఠాకి పనిచేస్తుంది. మనకీ చేస్తుంది. ఎవరికి ఎక్కువ చేస్తుందో ఆవిడకే తెలియదు."

"తెలుసు. ఇవాళ్టికి మీకే," అంది నెమలి. "మాస్టార్ని చంపడానికి ఒక రేడియో బయల్దేరింది."

తాబేలు దూది ఉమ్మేశాడు.

మాస్టారంటే గొడుగు ముఠా రహస్య లిపి మొత్తం అల్లిన మనిషి. ఏడాది కిందట మనసు విరిగి మనవైపు వచ్చేశాడు. రేపు పొద్దున స్పెషల్ కోర్టులో ఆయన బోనెక్కితే ఆ విదేశీ ముఠా పెద్ద తలకాయలన్నీ లోపలికి పోతాయి. ఈ ఏడాదీ ఆయన ఎక్కడ దాక్కున్నాడో ప్రపంచంలో ఒక్క తాబేలుకే తెలుసు. చీఫ్‌కి కూడా తెలియదు. అలా ఉండాలన్నది చీఫ్ ఆర్డరే.

"పాత వాల్వు రేడియో," నెమలి గోళ్ళు చూసుకుంటూ చెప్పింది. "మోస్తే ఏం కాదు. కింద పడేసినా ఏం కాదు. వెనక మూతకి నాలుగు మరలు. నాలుగూ ఊడదీసి మూత లాగితే ఆ గది ఉండదు. పక్క గది కూడా."

"అడ్రసు మీకు తెలియదుగా? ఎక్కడికి పంపారు?"

"ఎక్కడికీ పంపలేదు. జనానికిచ్చాం."

"అంటే?"

"నేనే ఇచ్చా, ఒక కళ్ళద్దాల షాపాయనకి. ఇది మా గురువుగారి రేడియో అండీ, ఆయన ఎక్కడున్నారో తెలియదు, ఎడమచేతికి చిటికెనవేలు లేదు, పాడైన వస్తువు కనిపిస్తే ఊరుకోలేరు, పని చేస్తూ దాన్ని తిడుతుంటారు అని ఏడ్చా. మీకు ఆయన తెలియకపోతే, తెలిసుండొచ్చు అనిపించే మనిషికివ్వండి, వాళ్ళకీ ఇదే చెప్పండి, విప్పే హక్కు మాత్రం ఆయనదే అని ఒట్టేయించుకున్నా."

"అంతేనా?"

"అంతే. మా పెద్ద వేసిన లెక్క ఇది. ఊళ్ళో ఏ మనిషైనా ఏ మనిషికైనా అయిదారు చేతుల దూరంలోనే ఉంటాడట. రెండో లెక్క ఇంకా సులువు. జనం మంచివాళ్ళు."

చీఫ్ చేతిలో ఉన్న చిన్న అద్దాన్ని ట్రేలో పెట్టేశాడు. "వెనక్కి తెప్పించలేరా?"

"ఎవరి దగ్గర్నుంచి? ఇప్పుడు అది ఎవరి చేతిలో ఉందో మా పెద్దకే తెలియదు. లోపల ట్రాన్స్‌మిటర్ ఉందన్నారు నాతో. బాంబని పొద్దున్నే తెలిసింది. నేను రెండువైపులా అబద్ధాలు మోస్తా సార్. బాంబులు మొయ్యను."

"తాబేలూ, అడ్రసు చెప్పు. స్క్వాడ్‌ని పంపిస్తా."

తాబేలు నెమలి వంక చూశాడు. మాస్టారి దగ్గరికి తనని పరిగెత్తించి వెనకాల రావడానికి వేసిన ఎత్తైతే? చెవులున్న గోడలు, చెవిపోగులున్న నెమళ్ళు. "ఆయనున్న ఇంటికి వెళ్ళను. రేడియో వెనకాలే వెళ్తా. మొదటి చెయ్యి ఎక్కడుందో ఈవిడ చూపించాలి."

అప్పటికి అతనికి భయం లేదు. ఆ ఇంటికీ ఈ ఊరికీ మధ్య ఉన్న దారాలన్నీ తనే తెంపాడు. ఎవరో కళ్ళద్దాల మనిషి చేతిలోంచి బయల్దేరింది అక్కడిదాకా పోవడమంటే మాటలా!

కారులో కోటు తిరగేసి తొడుక్కున్నాడు. లోపలివైపు రేడియో కంపెనీ బ్యాడ్జీ కుట్టి ఉంది. నెమలిని కారులోనే ఉంచి షాపులోకి వెళ్ళాడు. అద్దం తుడుస్తున్న ఆసామి, ఆ పీసులో లోపముందని వినగానే నొచ్చుకున్నాడు.

"అయ్యో! నా దగ్గర లేదండీ. నాకా గురువుగారు తెలియదు. కానీ పనిమంతుడు పనిమంతుడికే తెలుస్తాడు కదా. మా తోడల్లుడు గడియారాలు బాగుచేస్తాడు, వాడికిచ్చా. దొరికారాండీ ఆయన? ఆ అమ్మాయి కన్నీళ్ళు చూశాక నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు."

కారెక్కగానే నెమలి అడిగింది. "ఏమన్నాడు?"

"నీకు సయిస్తోందా అని అడిగాడు."

నెమలి కళ్ళద్దాలు సవరించుకుంది.

తోడల్లుడి కొట్టు రెండు మేడల మధ్య ఇరుక్కున్న సందు. గోడనిండా గడియారాలు, దేని టైము దానిదే. కంటికి భూతద్దం తగిలించుకున్న మనిషి తల పైకెత్తి, రేడియో పేరు వినగానే నవ్వు మొహం పెట్టాడు.

"ఆలస్యమైందండీ. ఆయన దొరికేశారు!"

"దొరికారా?"

"దొరక్క? మా వియ్యంకుడు ఏటి అవతల స్కూలు బస్సు నడుపుతాడు. వాళ్ళ బళ్ళో కరెంటు గంట మూగబోతే, ఇక పనికిరాదు, కొత్తది కొనుక్కోమన్నారట కంపెనీవాళ్ళు. ఎవరో టీచరమ్మ ఇంట్లో అద్దెకుండే పెద్దాయన వచ్చి, ఆ గంటని నానా తిట్లూ తిట్టి, చిటికెలో మోగించి వెళ్ళాడట. వేలు సంగతి అడిగా. లేదన్నాడు. ఇంకేం కావాలి? నిన్న రేడియో మా వియ్యంకుడికే ఇచ్చి పంపా. ఇవాళ బడి వదలగానే టీచరమ్మ చేతికిస్తానన్నాడు. ఈపాటికి ఇచ్చేసే ఉంటాడు. మా వియ్యంకుడు మాటంటే మాటే."

తాబేలు బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆ టీచరమ్మ అతని అక్క. సర్వీసు కాగితాల్లో బంధువులు లేరని రాయించుకున్న మనిషికి ఉన్న ఒకే ఒక్క అక్క. బావ ఓడమీద ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఎవరికీ తెలియని అక్క కాబట్టే మాస్టార్ని అక్కడ దాచాడు. ఏడాదిగా గుమ్మం తొక్కలేదు, ఒక్క మాట పంపలేదు. ఫోను తనే పీకించేశాడు. కిటికీలకి ఇనపకమ్ములు, తలుపుకి లోపల అడ్డగడియలు తనే పెట్టించాడు. అన్నీ చేశాడు గానీ, ఒక ముసలాయన మూగబోయిన గంటని చూసి ఊరుకోలేడన్న సంగతి మర్చిపోయాడు. గొడుగు ముఠాకీ తన మేనల్లుడికీ మధ్య ఉన్నది నలుగురు మనుషులు, నలుగురూ మంచివాళ్ళే. సర్వీసులో చేరాక ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

కొట్లోంచే బడికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బడి వదిలేశారు.

"పద," అన్నాడు నెమలితో. ఈవిడ వెనకాల వస్తే ఏమవుతుందన్న లెక్క ఇక వేసుకోలేదు.

వంతెన దగ్గర కారు ఆగిపోయింది. మధ్యలో సిమెంటు లారీ అడ్డంగా బోల్తా పడి ఉంది. వెనకాల హారన్లు, ముందు బూడిదరంగు దుమ్ము, పోలీసులు నడిచేవాళ్ళని కూడా వెనక్కి తోసేస్తున్నారు, పిట్టగోడ కూలిందట. ఇంకో వంతెన చుట్టూ తిరిగి వెళ్ళాలంటే పొద్దుపోతుంది.

ఏటి ఒడ్డున సెలూన్ ఒకటి కనిపించింది. లోపల పౌడరు డబ్బాల మధ్య ఫోను. తాబేలు అడక్కుండానే తీశాడు. అవతలి ఒడ్డు పోలీస్ స్టేషన్‌కి చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేశాడు. ఎంగేజ్. లారీ కబురు ఊరంతా వాళ్ళకే చెబుతోంది. చీఫ్‌కి చేసి లాభం లేదు, స్క్వాడ్ కూడా ఈ ఒడ్డునే ఉంది.

రిసీవరు పెట్టేశాడు. జేబులో షూట్ చేసే పెన్ను, చెప్పు మడమలో వైర్‌లెస్ సెట్టు, సిగరెట్ పెట్టెలో కెమెరా. ఒక్కటీ ఏరు దాటించదు.

"ఏమైందయ్యా?" అన్నాడు సెలూన్ ఆయన, కత్తి పైకెత్తి పట్టుకుని. కుర్చీలో ఒకాయన సగం గడ్డం గీయించుకుని, సగం నురగతో అద్దంలోంచి చూస్తున్నాడు. బెంచీ మీద మరో ఇద్దరు.

నెమలి చెవి దగ్గరికొచ్చి మెల్లగా అంది. "పైకి చెప్పకు. ముఠా చెవులు ఈ ఒడ్డునంతా ఉన్నాయి. నేను కూడా ఇక్కడే ఉన్నా."

తాబేలు ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఆ తర్వాత పెదవి దాటించాడు.

"అవతలి ఒడ్డున, బడి వెనక వీధిలో నీలం గేటు ఇల్లు. అది మా అక్క ఇల్లు. ఇద్దరు పిల్లలున్నారు, ఒక పెద్దాయన ఉన్నాడు. ఇవాళ ఆ ఇంటికి చేరిన రేడియోలో బాంబుంది. విప్పితే పేలుతుంది. మీలో ఎవరికైనా అక్కడ ఎవరైనా తెలుసా? ఎవరైనా సరే. తెలిసినవాళ్ళు తెలిసినా చాలు."

మా అక్క అన్న మాట నోట్లోంచి వచ్చి ఏడాది దాటింది. ఆ సంగతి వినేవాళ్ళకి కూడా తెలిసిపోయింది.

సెలూన్ ఆయన తల అడ్డంగా ఊపాడు. బెంచీ మీదవాళ్ళు మొహాలు చూసుకున్నారు. సగం గడ్డం ఆసామి ఇబ్బందిగా కదిలాడు.

"మా బాబాయి కొడుకు బేకరీ ఉంది ఆ పక్కన. ఫోను కూడా ఉంది. కానీ వాడికీ నాకూ మాటల్లేవు. మా చెల్లెలి పెళ్ళిలో వాడు నన్ను..."

"చెయ్యండి."

"ముందు వాడే కదా చెయ్యాల్సింది? పెద్దవాణ్ణి నేను."

తాబేలు రిసీవరు ఎత్తి పట్టుకున్నాడు. ఆ ఆసామి అతని మొహం ఒకసారి చూసి, తువ్వాలు మెడలోనే ఉంచుకుని లేచి ఫోన్ తిప్పాడు.

"ఒరేయ్, నేను. నేనేరా. పెట్టెయ్యకు! తర్వాత తిడుదువుగాని, ముందు విను. బడి వెనక నీలం గేటు టీచరమ్మ తెలుసా? తెలీదా? ఎవరికి తెలుసు? నర్సమ్మా? ఎక్కడుంది? నీ కొట్లోనే ఉందా! అయితే ఆవిణ్ణి తీసుకుని పరిగెత్తు. రేడియో ముట్టుకోవద్దని చెప్పండి. లోపల బాంబు. టీచరమ్మ తమ్ముడు చెప్పమన్నాడని..."

"ఆ మాట వద్దు!" తాబేలు ఫోను లాక్కున్నాడు. "తమ్ముడి మాట ఎత్తొద్దు! వింటున్నారా?"

అవతల ఎవరూ లేరు. రిసీవరు వేలాడుతోంది. బేకరీలో రేకు పళ్ళేల చప్పుడు వినిపిస్తోంది.

"ఏమైందిప్పుడు?" అన్నాడు సెలూన్ ఆయన.

"మా అక్కకి నేనే నేర్పాను. తమ్ముడు పంపాడని ఎవరొచ్చినా వాళ్ళు శత్రువులే. తలుపు బిగించు, ఇంట్లో ఉన్న అందర్నీ మెట్ల కింద గదిలో దాచు అని." అతను రిసీవరు వదిలేశాడు. "మాస్టారు రేడియో వదలడు. ఇప్పుడు పిల్లలు కూడా దాని పక్కనే ఉంటారు."

సెలూన్ ఆయన కత్తి పక్కన పెట్టి బయటికి పరిగెత్తి, రేవు వైపు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు. కింద ఇసక పడవవాడు తలెత్తాడు. పదేళ్ళుగా అతని గడ్డం ఇక్కడే.

తాబేలు వెనక్కి తిరిగాడు. నెమలి లేదు. రోడ్డుకి అవతలి ఫోన్ బూత్ అద్దాల్లోంచి ఆకుపచ్చ పట్టు కనిపించింది. ఎవరికో గబగబా చెబుతోంది. ఆపడానికి టైము లేదు.

పడవలోకి దూకితే వెనకాలే ఇంకొకరు దూకారు. సగం గడ్డం ఆసామి.

"మీరెందుకు?"

"నేను లేకపోతే మావాడు నిన్ను నమ్మడు."

తాబేలు రెండో తెడ్డు అందుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. అవతలి ఒడ్డు మాత్రం ఉన్నచోటే ఉన్నట్టనిపించింది. సగం గడ్డం ఆసామి నురగ ఎండిపోతున్న బుగ్గతో ముందుకి వంగి కూర్చుని, తొయ్యి, తొయ్యి అంటూ పడవవాణ్ణి తొందరపెడుతూనే ఉన్నాడు.

నీలం గేటు ముందు జనం మూగి ఉన్నారు. మెట్లమీద పిండి చేతుల బేకరీ ఆయన, భుజానికి సంచీ తగిలించుకున్న నడివయసు నర్సమ్మ.

"మీరేనా తమ్ముడు?" అంది నర్సమ్మ. "ఏం మనిషయ్యా మీ అక్క! తమ్ముడు పంపాడు అన్నానో లేదో, తలుపు నా మొహాన వేసేసింది. రేడియో, బాంబు అని అరిచా. ఎవరు వింటారు? అందర్నీ ఎక్కడికో తోసి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది."

"పిల్లల్ని కూడా?"

"అందర్నీ."

తాబేలు తలుపు మీద రెండు చేతులూ వేశాడు. "అక్కా!"

లోపల్నుంచి తలుపుకి ఆనుకునే ఉన్నట్టు దగ్గరగా గొంతు వచ్చింది. "ఎవరు?"

"నేనే."

"ఆ గొంతు మా తమ్ముడిదే. అందుకే తియ్యను."

"అక్కా, చిన్నప్పుడు మనం..."

"చిన్నప్పటి సంగతులు చెబితే అసలు నమ్మొద్దన్నాడు. పట్టుకుని కొట్టి చెప్పించి ఉంటారు అన్నాడు. వాణ్ణి కొట్టారా మీరు? వాడు బతికే ఉన్నాడా? ఏడాదిగా వాడి మాట నిలబెడుతున్నా. ఇవాళ తప్పను. పొండి."

తలుపు భుజంతో గుద్దాడు. కదల్లేదు. తను పెట్టించిన గడియలు, తను ఎంచి తెచ్చిన కర్ర. తాను తీసిన గోతిలో ఇంటిల్లిపాదినీ దించాడు.

ఇంటి పక్కకి పరిగెత్తాడు. మెట్ల కింద గదికి గాలికోసం గోడలో చిన్న కన్నం ఉంది. చెవి పెట్టాడు. లోపల మాస్టారు సణుగుతున్నాడు. "రావేమే, దరిద్రగొట్టు మరా! ఎవడు బిగించాడే నిన్ను?" ఆ వెంటనే మేనల్లుడి గుసగుస, సంబరంగా. "రెండోది వచ్చేసింది తాతయ్యా!"

"మాస్టారూ! ఆపండి! విప్పొద్దు!"

పిల్లలు టక్కున నోరు మూసుకున్నారు. బయటి గొంతు వినిపిస్తే ఊపిరి కూడా గట్టిగా తీయకూడదని వాళ్ళకి నేర్పిందీ అతనే. మాస్టారికి మామూలుగానే చెవుడు, పనిలో పడితే బ్రహ్మ చెవుడు. మర మీద స్క్రూడ్రైవర్ గీసుకుంటున్న చప్పుడు మాత్రం సాగుతూనే ఉంది.

ఆ గోడని అతను చేతులతో గీకాడు. గోళ్ళు చిట్లాయి. ఇంతమంది మధ్యలో, తను ఎవరో చెప్పగలిగిన మనిషి ఒక్కరు కూడా లేరు. ఉన్న ఒక్కతీ తలుపు అవతల ఉంది. తనని నమ్మొద్దని ఆవిడకి చెప్పింది తనే.

మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నర్సమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, నన్ను నమ్మదు. మిమ్మల్ని నమ్ముతుంది. మీరు వెళ్ళాలి."

"లోపలికా? బాంబున్న ఇంట్లోకా?" నర్సమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "నాకూ పిల్లలున్నారయ్యా."

"తెలుసు అనలేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అడిగే హక్కు కూడా నాకు లేదు. అడుగుతున్నా."

నర్సమ్మ బేకరీ ఆయన వైపు తిరిగింది. "ఇతను చెప్పేది నిజమేనా?"

"నాకేం తెలుసు? మా అన్న చెప్పాడు, పరిగెత్తాను."

నర్సమ్మ సగం గడ్డం ఆసామిని చూసింది. "మీకు తెలుసా ఇతను?"

"తెలీదమ్మా. ఇందాక సెలూన్‌లో చూశా." ఆయన ఎండిన నురగ గోక్కున్నాడు. "గడ్డం సగంలో వదిలేసి వచ్చా. నేను చెప్పగలిగింది అంతే."

నర్సమ్మ ఆ సగం మొహాన్ని ఒక్క క్షణం చూసింది. సంచీ తీసి బేకరీ ఆయన చేతిలో పెట్టింది. "అందరూ వీధి చివరికి పొండి. ఈయన కూడా."

తాబేలు తుపాకీ తీసి మెట్లమీద పెట్టేశాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, కిటికీలోంచి కనపడేలా వెనక్కి వెనక్కి నడిచాడు. వీధి చివరికి చేరేసరికి నర్సమ్మ గొంతు ఇక్కడిదాకా వినిపించింది.

"టీచరమ్మా, కిటికీలోంచి చూసుకో, అందర్నీ పంపించేశా. నేనొక్కదాన్నే ఉన్నా. నీ చిన్నదాన్ని ఈ భూమ్మీద మొదట పట్టుకున్న చేతులమ్మా ఇవి. తలుపు తియ్యి."

ఏమీ కదల్లేదు. జనం మునివేళ్ళ మీద లేచి చూశారు. అప్పుడు తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది. నర్సమ్మ లోపలికి దూరింది. తలుపు మళ్ళీ మూసుకుంది.

తాబేలు ఎన్నో తలుపుల బయట కాపు కాశాడు. ఏ తలుపు బయటా ఇలా ఏడవలేదు. ఎవర్ని వేడుకోవాలో తెలియక, ముక్కూ మొహం తెలియని ఆ నర్సమ్మనే మనసులో వేడుకున్నాడు. పక్కన ఎవరో అతని భుజం పట్టుకున్నారు. బేకరీ ఆయనో, వాళ్ళన్నో అతను చూడలేదు. చొక్కాకి పిండి అంటింది.

తలుపు బార్లా తెరుచుకుంది. ముందు మేనల్లుడు, పిడికిట్లో మూడు మరలు. వెనకాల చిన్నదాన్ని ఎత్తుకున్న అక్క. ఆ తర్వాత నర్సమ్మ, పేషెంటుని లాక్కొచ్చినట్టు మాస్టార్ని మణికట్టు పట్టుకుని లాక్కొస్తోంది. మాస్టారి రెండో చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది.

"ఒక్క మర!" అరుస్తున్నాడాయన. "ఆ ఆఖరిదీ ఊడొచ్చేసింది. మూత లాగబోతూ, కాస్త పట్టుకో తల్లీ అన్నా. పట్టుకోమంటే చేతిమీద కొట్టిందీవిడ! ఏముందయ్యా అందులో?"

"బాంబు," అన్నాడు తాబేలు.

"అదీ సంగతి! వాల్వు సెట్టుకి ఇంత బరువేమిటా అనుకుంటూనే ఉన్నా."

అక్క తాబేలు ముందుకొచ్చి ఆగింది. చిన్నదాన్ని నర్సమ్మకిచ్చింది.

"నువ్వేనా?"

"నేనే."

"ఎలా నమ్మను?"

"నమ్మకు."

చెంప ఛెళ్ళుమంది. ఆ తర్వాత అదే చేత్తో అతని తల దగ్గరికి లాక్కుని గట్టిగా ఏడ్చింది. "ఏడాదిరా! ఒక్క కబురు లేదు. పంపిందేమో ఊరంతటితో పంపావు."

అతను అక్క భుజం మీద మొహం పెట్టుకుని, అందరూ చూస్తుండగానే నిలబడిపోయాడు.

పోలీస్ స్టేషన్ ఫోను ఖాళీ అయ్యాక బాంబు స్క్వాడ్ పడవమీద వచ్చింది. రేడియోని ఇసక మూటల మధ్య ఏటిలోకి తీసుకెళ్ళి పేల్చారు. ఒడ్డున కిటికీలన్నీ అదిరాయి. మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఎవరైనా తలుపు కొట్టారా అని అడిగాడు.

మర్నాడు కోర్టుకి గొడుగు ముఠా పెద్దలు ధీమాగా వచ్చారు. పని అయిపోయింది, మాస్టారు పోయాడు అని ముందురోజే నెమలి బూత్‌లోంచి వాళ్ళకి ఫోన్ చేసి ఏడ్చిందట. ఆవిడ ఏడుపుని నమ్మనివాళ్ళు ఇంతవరకూ లేరు. బోనెక్కుతున్న మాస్టార్ని చూసేసరికి వాళ్ళ నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. బయటికి పోయే తలుపులు అప్పటికే మూసేశారు.

ఆ వారంలో క్లినిక్‌లో చీఫ్ మొహం ముటముటలాడుతోంది.

"నాకు చెప్పని అడ్రసు సెలూన్‌లో చెప్పావు."

"అవును సార్."

"గడ్డం గీసేవాడికి! బేకరీవాడికి! పడవవాడికి! నా సర్వీసులో ఇలాంటిది..." ఆయన కోటు బొత్తాం పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. అప్పీలు తేలేదాకా మాస్టార్ని దాచాలి. ఈసారి ఇల్లు నేనే చూశా. దించింది నేనే. అడ్రసు నీక్కూడా చెప్పను."

"అక్కర్లేదు సార్. నిన్ననే తెలిసింది."

చీఫ్ కుర్చీలో కూర్చున్నాడు. "ఎవరు చెప్పారు?"

"మా అక్క."

"ఆవిడకెవరు చెప్పారు?"

"నర్సమ్మ."

"ఆ నర్సమ్మకెవరు చెప్పారయ్యా?"

తాబేలు కాస్త మొహమాటపడ్డాడు. "మీ ఆవిడ సార్. మోకాళ్ళ నొప్పులకి నర్సమ్మ దగ్గరికే వెళ్తారట. ఆ ఇంట్లో మాస్టారికి దుప్పట్లు సర్దిపెట్టమని మీరే అన్నారు కదా."

చీఫ్ లేచి వెళ్ళి కిటికీ మూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "అయిందేదో అయింది. ఇక మీదట ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు."

"ఆ మాటే అందరికీ చెప్పాను సార్."